మైన్‌క్రాఫ్ట్ 1.12.2 మాడింగ్‌కు వర్క్‌స్పేస్ సిద్ధం చేసుకోవడం

మైన్‌క్రాఫ్ట్ 1.12.2 వెర్షన్ 2017 సెప్టెంబరులో విడుదలైంది. ఆ తరువాత ఆట ఎంతో మారినా, పెద్ద పెద్ద మాడ్‌ప్యాక్‌లు (ఆటకు కొత్త హంగులు చేర్చే మాడ్‌ల కట్టలు) ఈ వెర్షన్ మీదే స్థిరపడినందువల్ల దీనికి ఈనాటికీ కొత్త మాడ్‌లు రాసేవారున్నారు. నేనూ ఆ కోవకే చెందుతాను. నిజానికి ఇక్కడ కోడ్ రాయడం కన్నా, రాసిన కోడ్ నడిచే చోటును నిలబెట్టడమే ఎక్కువ శ్రమ. అప్పట్లో ఒకదానితో ఒకటి పొసగిన జావా, గ్రాడిల్ (కోడ్‌ను బిల్డ్ చేసే సాధనం), ఫోర్జ్ (మాడ్‌లను ఆటలోకి లోడ్ చేసేది), లైబ్రరీల సర్వర్లు ఇప్పుడు తలో దారి పట్టాయి. వాటిని మళ్ళీ ఒక్క కాలానికి చేర్చగలిగితే వర్క్‌స్పేస్ సిద్ధమైనట్టే.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది జావా. 1.12.2కు కావలసింది జావా 8. అంతకన్నా కొత్తది ఉంటే ఇంకా మంచిదన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు. పాత ఫోర్జ్ ఆటను ప్రారంభించడానికి లాంచ్‌ర్యాపర్ అనే భాగాన్ని వాడుతుంది. అది జావా ఇచ్చే సిస్టమ్ క్లాస్‌లోడర్‌ను (కోడ్‌ను మెమరీలోకి తెచ్చే భాగం) 'యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్' అనే రకంగా భావించి పని మొదలుపెడుతుంది. జావా 8 వరకు ఆ భావన చెల్లింది. జావా 9 నుంచి ఆ లోడర్ రకమే మారిపోయింది. అందుకే కొత్త జావాతో నడిపితే ఆట తెర రాకముందే 'క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్' పడుతుంది. ఆ ఎర్రర్ చూసి తమ మాడ్ కోడ్‌లో తప్పు వెతకడం మొదలుపెట్టేవారు చాలామంది.

జావా 8లోనూ బాగా పాత అప్‌డేట్ పనికిరాదు. వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి కొత్త రూట్ సర్టిఫికెట్ జావా 8లోకి 141వ అప్‌డేట్‌తో చేరింది. అంతకుముందు ఆధారపడిన పాత రూట్ 2021 సెప్టెంబరు 30న కాలం చెల్లింది. కాబట్టి 141 కన్నా పాత అప్‌డేట్ ఉన్నవారికి ఆ సర్టిఫికెట్లు వాడే సర్వర్ల నుంచి ఫైళ్ళు దిగకపోవచ్చు. ఇంటెల్లిజే అనే కోడ్ ఎడిటర్ వాడేవారు ప్రాజెక్ట్ ఎస్‌డీకే, గ్రాడిల్ జేవీఎం అనేవి రెండు వేర్వేరు సెట్టింగులని గమనించి, రెండింటిలోనూ 8నే ఎంచుకోవాలి.

ఇక గ్రాడిల్ విషయం. సిస్టమ్‌లో ఉన్నదాన్ని కాక, ఫోర్జ్ ఎండీకే (మాడ్ తయారీ కిట్)తో వచ్చిన ర్యాపర్‌నే (తగిన గ్రాడిల్ వెర్షన్‌ను తానే తెచ్చుకునే స్క్రిప్ట్) వాడాలి. గందరగోళమంతా గైడ్‌లతో వస్తుంది: ఇదే 1.12.2కు మొదట ఫోర్జ్‌గ్రాడిల్ (గ్రాడిల్‌కు ఫోర్జ్ ప్లగిన్) 2.3 ఉండేది, చివరి బిల్డ్‌లు ఫోర్జ్‌గ్రాడిల్ 3కు, ఆపైకి మారాయి. మొదటి తరంలో 'సెటప్‌డీకాంప్‌వర్క్‌స్పేస్' అనే ఆదేశంతో ఆట కోడ్‌ను డీకంపైల్ చేయించుకుంటాము, అంటే తిరిగి జావా కోడ్‌గా మార్చుకుంటాము. రెండో తరంలో ఆ ఆదేశమే లేదు. బిల్డ్ ఫైలు ఏ తరానిదో తెలుసుకోకుండా గైడ్ అనుసరించడం దండగ. డీకంపైల్‌కు మెమరీ బాగా కావాలి గనుక గ్రాడిల్ ప్రాపర్టీస్‌లో హీప్‌ను (జావాకు కేటాయించే మెమరీ) 3 జీబీకి పెంచుకోవడం మంచిది.

పాత బిల్డ్ ఫైలులోని లైబ్రరీ సర్వర్ల చిరునామాలనూ సరిచేయాలి. అలాంటి సర్వర్ అయిన మావెన్ సెంట్రల్ 2020 జనవరి 15 నుంచి హెచ్‌టీటీపీని అంగీకరించడం మానేసింది. మరో సర్వర్ జేసెంటర్ మూసివేతను 2021 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఫోర్జ్ రిపాజిటరీ కూడా పాత 'ఫైల్స్' చిరునామా వదిలి 'మావెన్' చిరునామాకు మారింది. కాబట్టి జేసెంటర్ ఉన్న చోట మావెన్ సెంట్రల్ పెట్టి, మిగిలిన వాటన్నిటినీ హెచ్‌టీటీపీఎస్‌కు మార్చుకోవాలి.

మ్యాపింగ్‌ల (పేర్ల సరిపోలిక పట్టికల) గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆట కోడ్‌లో పేర్లు మరుగుపరచి ఉంటాయి. ఫోర్జ్ వాటికి ఎస్ఆర్‌జీ పేర్లు ఇస్తుంది, ఎంసీపీ మ్యాపింగ్‌లు వాటిని మనం చదవగలిగేలా మారుస్తాయి. మనం 'గెట్‌మైన్‌క్రాఫ్ట్' అని రాసే మెథడ్ అసలు ఫోర్జ్‌లో 'ఫంక్_71410_ఎక్స్'. అందువల్లనే మామూలుగా డౌన్‌లోడ్ చేసిన ఇతరుల మాడ్ జార్‌ను (జావా ప్రోగ్రామ్ ఫైలు) ఎంసీపీ పేర్లతో నడిచే డెవ్ ఫోల్డరులో పడేస్తే, ఆ పేరుగల మెథడ్ కనబడక అది కూలిపోతుంది, ఫోర్జ్‌గ్రాడిల్ 2.3లో అయితే దాన్ని 'డీఆబ్ఫ్‌కంపైల్' కింద చేర్చాలి. మన జార్‌కూ ఇదే వర్తిస్తుంది: ఎడిటర్ నుంచి ఎగుమతి చేసినది కాక, గ్రాడిల్ 'బిల్డ్' ఎస్ఆర్‌జీ పేర్లకు తిప్పి ఇచ్చినదే ఆటగాళ్ళకు పంపాలి. మధ్యలో మ్యాపింగ్ వెర్షన్ మార్చితే రాసిన కోడంతా పేర్ల తప్పులతో నిండిపోతుంది కాబట్టి, ఎండీకేలో ఉన్నదాన్నే చివరిదాకా ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఫోర్జ్‌గ్రాడిల్ బదులు రెట్రోఫ్యూచురాగ్రాడిల్ మరో దారి. అది 1.7.10, 1.12.2 వెర్షన్‌ల కోసమే తయారైంది, కొత్త గ్రాడిల్ మీద నడుస్తుంది. అయితే ఇతరుల పాత మాడ్‌ను సవరించే పనికి మాత్రం నేను దాని జోలికి పోను. బిల్డ్ ఫైలును తిరగరాయడమే ఒక ప్రత్యేక ప్రాజెక్టు అవుతుంది.

ఒకసారి 'రన్‌క్లయింట్' (వర్క్‌స్పేస్ నుంచి ఆటను నడిపే ఆదేశం) సవ్యంగా నడిచాక, హోమ్ ఫోల్డరులోని గ్రాడిల్ క్యాష్‌ను (దిగిన ఫైళ్ళ నిల్వ) జావా 8 ఇన్‌స్టాలర్‌తో పాటు వేరే డిస్కులో భద్రపరచుకోవాలి. తరువాత ఆఫ్‌లైన్ ఫ్లాగ్‌తో మళ్ళీ నడిపి చూస్తే, ఏ సర్వరూ అందకపోయినా ఈ వర్క్‌స్పేస్ లేవగలదో లేదో అప్పుడే తేలిపోతుంది.