ఉప్పుగాలి ఊళ్లో కొంబుచా ప్యానెల్

కొంబుచా (పులియబెట్టిన టీ) కోసం నీళ్లు కాచే కరెంటు హీటర్‌ని నడిపే ప్యానెల్ కడదామనుకున్నవాళ్లు మొదట అడిగేది ఏ పీఐడీ కంట్రోలర్ (వేడిని చూసుకుంటూ హీటర్‌ని నడిపే పరికరం) కొనాలని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినది ఒకటుంది: ఎస్ఎస్ఆర్ (కంట్రోలర్ చెప్పినట్టు హీటర్‌కి కరెంటు ఇచ్చే, ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్) పాడైన రోజున హీటర్ ఎలా ఆగాలి? ఎస్ఎస్ఆర్ కాలిపోతే చాలాసార్లు ఆన్‌లోనే అతుక్కుపోతుంది. కంట్రోలర్ అవుట్‌పుట్ ఆపేసినా హీటర్ మాత్రం కాగుతూనే ఉంటుంది.

ఇలాంటి ప్యానెల్‌తో బీరు కూడా కాయొచ్చు, కానీ మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ 20 లీటర్ల కొంబుచా టీకి. అన్ని నీళ్లు 28 డిగ్రీల నుంచి 95కి రావాలంటే ఒకటిన్నర యూనిట్ పైన కరెంటు కావాలి. 3 కిలోవాట్ల హీటర్‌కి అరగంట పైచిలుకు పని. 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. ఈ లోడ్‌ని వంటింటి 16 ఆంపియర్ల సాకెట్ మీద రోజూ వేయకండి. ఉప్పుగాలికి పిన్నులు మసకబారి, అక్కడే వేడెక్కి ప్లగ్ కరుగుతుంది. మెయిన్ బాక్స్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు విడిగా లాగించి, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకి లీకైతే పడిపోయే స్విచ్) పెట్టించండి.

ఇక అసలు సంగతి. ఎస్ఎస్ఆర్‌కి ముందు సిరీస్‌లో కాంటాక్టర్ (లోపలి కాయిల్‌కి కరెంటు ఉన్నంతసేపే కలిసి ఉండే పెద్ద స్విచ్) ఉండి తీరాలి. దాని మీద 9 ఆంపియర్లని రాసి ఉంటే చాలదేమోనని భయపడతారు. అది మోటార్ లెక్క. హీటర్ లాంటి లోడ్‌కి ఏసీ-1 అని రాసిన రేటింగ్ చూడాలి, సాధారణంగా 25 ఉంటుంది. దాని కాయిల్‌కి వెళ్లే లైన్‌లో పుట్టగొడుగు స్టాప్ బటన్, 98 డిగ్రీలకి పెట్టిన కంట్రోలర్ అలారం రిలే, ఫ్లోట్ స్విచ్ (పాత్రలో మట్టం తగ్గితే లైన్ తెంచేది) వరసగా రావాలి. ఫ్లోట్ స్విచ్‌ని మాత్రం నేరుగా 230 వోల్టుల కాయిల్‌కి కలపొద్దు. లోపలి రీడ్ (సన్నటి కాంటాక్ట్ రేకు) ఆ కుదుపుకి అతుక్కుపోతుంది, పైగా అది టీలో మునిగి ఉండే వస్తువు. దాంతో 24 వోల్టుల రిలేని నడిపించి, ఆ రిలే కాంటాక్ట్‌ని కాయిల్ లైన్‌లో వేయండి. స్టార్ట్ బటన్‌కి హోల్డింగ్ కాంటాక్ట్ (బటన్ వదిలాక కాయిల్‌కి కరెంటు పట్టి ఉంచేది) ఇస్తే, కరెంటు పోయి వచ్చాక హీటర్ దానంతటది వెలగదు.

ఎస్ఎస్ఆర్ 40 ఆంపియర్లది తీసుకోండి. 13 ఆంపియర్ల దగ్గర దాదాపు 15 వాట్ల వేడి కక్కుతుంది. బాక్స్‌కి ఫ్యాను, గాలి కన్నాలు పెడితే బీచ్ గాలి లోపలికొచ్చి లగ్గులకి (వైరు కొసలకి వేసే లోహపు తొడుగులకి) పచ్చటి చిలుము పట్టిస్తుంది. మూసిన ఐపీ-65 (దుమ్ము, నీటి చిమ్ము చొరని) బాక్సే మేలు. ఎస్ఎస్ఆర్ వేడిని బయటికి లాగే హీట్‌సింక్ రెక్కలు బయటికి, నిలువుగా ఉండాలి. తగరం పూత లగ్గులు వాడి, గ్లాండ్లు (వైర్లు బాక్స్‌లోకి వెళ్లే బిగుతు మూతలు) అడుగునే పెట్టండి. ప్యానెల్‌ని కెటిల్ (టీ కాచే పాత్ర) పైన కాదు, పక్కన బిగించండి, ఆవిరి తగలకూడదు.

వేడి కొలిచే సెన్సర్ మూడు వైర్ల పీటీ-100 (వేడిని బట్టి నిరోధం మారేది). ఒకే రంగు రెండు వైర్లూ సెన్సర్‌లో ఒకే కొసకి చేరతాయి. మీటర్‌తో కొలిస్తే వాటి మధ్య దాదాపు సున్నా, మూడో వైరుకి 28 డిగ్రీల గదిలో సుమారు 111 ఓమ్‌లు రావాలి. 0.385 ఓమ్ తేడా అంటే ఒక డిగ్రీ తేడా. కంట్రోలర్ దగ్గర మరలు వదులైతే రీడింగ్ దొర్లిపోయేది అందుకే.

మొదటి పరీక్ష హీటర్ లేకుండా, దాని స్థానంలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో చేయండి. ఎస్ఎస్ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీఆంపియర్లు కారుస్తుంది. లోడ్ లేకుండా మీటర్ పెడితే వోల్టేజీ కనిపిస్తుంది, ఎల్ఈడీ బల్బు మిణుకుమంటుంది. దాన్ని చూసి కొత్త ఎస్ఎస్ఆర్‌ని పారేయకండి.

వానాకాలంలో నెల రోజులు వాడని హీటర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోవచ్చు. లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీల్చుకుని ఉంటుంది. ఆర్‌సీసీబీని బైపాస్ చేసేవాళ్లున్నారు; దయచేసి ఆ పని చేయొద్దు, చేయి తడిగా ఉండే చోటిది. హీటర్ విప్పి రెండు మూడు గంటలు 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) కనీసం ఒక మెగాఓమ్ చూపించాకే బిగించాలి. అప్పుడే మెయిన్ ఆపి, ప్యానెల్‌లోని మరలన్నీ ఒకసారి స్క్రూడ్రైవర్‌తో బిగించి చూడండి. కాంటాక్టర్ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకి తిరిగి ఉంటే అక్కడ లూజ్ ఉన్నట్టే. లగ్గు కోసేసి కొత్తది వేయండి.