కరెంటు పెట్టేముందు జరిగే పని

నాకు ఎడమ బుగ్గ లోపల క్యాన్సర్. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాని, ఖైనీ అలవాటు చాలా ఏళ్లది. ఆపరేషన్‌లో బుగ్గతో పాటు ఎడమ మెడలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) కూడా తీశారు. బయాప్సీలో ఒక బిళ్లలో జబ్బు కనిపించింది, ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపు కరెంటు, అంటే రేడియేషన్, మొదలుపెడితే మంచిదన్నారు.

వెళ్లగానే మిషన్ కింద పడుకోబెడతారనుకున్నా. ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి పంపారు. రేడియేషన్ తగిలిన దవడలో తర్వాత పన్ను పీకితే పుండు మానక ఎముకే దెబ్బతినొచ్చట, అందుకే పాడైన పళ్లు ముందే తీసేసి చిగుళ్లు మానేదాకా ఆగారు. తర్వాత మాస్క్. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ షీటుని ముఖం నుంచి భుజాలదాకా పరిచి నొక్కుతారు, గట్టిపడేదాకా కదలకూడదు. దానికి రంధ్రాలుంటాయి, ఊపిరి బాగానే ఆడుతుంది, అయినా భయమేస్తే ముందే చెప్పండి. ఆ మాస్క్‌తోనే సీటీ స్కాన్ తీశారు.

ఆ తర్వాత కొన్నాళ్లు పిలుపే లేదు. మా ఆవిడకి ఒకటే టెన్షన్, "ఈలోపు జబ్బు పెరిగిపోదాండీ?" అని డాక్టరు గారినే అడిగేసింది. ఆయన విసుక్కోకుండా కంప్యూటర్‌లో నా మెడ చూపించారు. సీటీలో ఒక్కో పొర మీదా కరెంటు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తగలకూడదో చేత్తో గీస్తున్నారు, ఫిజిసిస్టు దాన్నిబట్టి లెక్కలు కడతారు. రోజుకి 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 30 సిట్టింగులు, మొత్తం 60. వెన్నుపాముకి మాత్రం 45 దాటకుండా చూస్తారట. బుగ్గ జబ్బు ఎక్కువగా అదే పక్క మెడకి పాకుతుంది కాబట్టి నాకు కుడి మెడ వదిలేశారు, ఒకవేళ జబ్బు నాలుక మధ్యదాకా వచ్చి ఉంటే రెండు పక్కలా పెట్టేవాళ్లమన్నారు. కుడి మెడ వదిలేస్తే ఆ పక్క లాలాజల గ్రంథి మిగులుతుంది. మీరూ అడగండి, ఒక పక్కా రెండు పక్కలా, ఎందుకూ అని. అడిగితే కోప్పడరు.

సగం సిట్టింగులకి నోరంతా పుండ్లు, రాగిజావ, మజ్జిగ కూడా మింగలేక చిక్కిపోయాను. మాస్క్ వదులైంది. వదులైతే గీసిన గీతకీ మెడకీ పొంతన ఉండదు కదా, మళ్లీ కొత్త మాస్క్, కొత్త సీటీ, కొత్త ప్లాన్. ముక్కులో గొట్టం వేస్తామంటే వద్దనకండి, బరువు నిలబడటం ట్రీట్‌మెంట్‌లో భాగమే.

రుచి నెలల తర్వాత మెల్లగా వచ్చింది, ముందు తీపి తెలిసింది. కుడి పక్క లాలాజలం ఊరుతోంది, గోంగూర పచ్చడి కారం తగ్గించి తింటున్నా. నీళ్ల సీసా మాత్రం చేతిలో ఉండాల్సిందే. మెడకి కరెంటు పెడితే కొన్నేళ్లకైనా థైరాయిడ్ గ్రంథి పని తగ్గొచ్చు కాబట్టి ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తున్నారు, ఇప్పటిదాకా నార్మలే.