మాట విన్నవాడి మూడు రోజులు

ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల గురించి మాట్లాడుకునేటప్పుడు ‘వాడు మాట వింటాడు, వీడే అసలు మాట వినడు’ అంటుంటారు. ఆ మాటకు చెవులతో సంబంధం లేదు. చెప్పింది చేస్తాడా, చేయడా అన్నదే లెక్క. తెలుగులో వినడమూ లోబడటమూ ఒకే మాటలో ఒదిగిపోయాయి. హీబ్రూలోనూ అంతే, ‘షామా’ అన్న క్రియకు ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. అందుకేనేమో ఆదికాండము 22వ అధ్యాయం చదువుతూ 18వ వచనానికి వచ్చేసరికి ప్రతిసారీ అక్కడే ఆగిపోతాను. ‘నీవు నా మాట వినినందున’ అంటాడు దేవుడు. కొడుకు ఇస్సాకును బలిగా అర్పించమని అబ్రాహామును అడిగినవాడు ఆయనే. మోరీయా కొండ మీద జరిగిందంతా ఆయన దృష్టిలో అదే. అబ్రాహాము మాట విన్నాడు.

ఈ అబ్రాహాము మొదటి నుంచీ ఇంత బాగా మాట విన్నవాడు కాదు. దేవుని పిలుపు విని హారాను అనే ఊరు విడిచి బయల్దేరినప్పుడు ఆయనకు 75 ఏళ్లు. ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయల్దేరాడు, అది గొప్ప సంగతే. కానీ కరవు రాగానే ఐగుప్తుకు వెళ్లి, ప్రాణభయంతో భార్య శారాను చెల్లెలని చెప్పాడు. కొడుకు పుడతాడన్న వాగ్దానం ఆలస్యమయ్యేసరికి దాసి హాగరు ద్వారా వేరే దారి చూసుకున్నాడు. ఇష్మాయేలు పుట్టేసరికి ఆయనకు 86. తర్వాత గెరారులో మళ్లీ అదే అబద్ధం. ఇస్సాకు పుట్టేసరికి 100 ఏళ్లు వచ్చాయి. పిలుపుకీ ఆ బిడ్డకీ మధ్య 25 ఏళ్లు గడిచాయి. మోరీయా ఆ తర్వాత వచ్చింది. హారానులో ఉన్న రోజుల్లోనే ఆ మాట చెప్పి ఉంటే అబ్రాహాము తట్టుకునేవాడు కాదేమో. ఆ పాతికేళ్లు పడటం, లేవడం, పడిన ప్రతిసారీ దేవుడు తనను వదిలేయలేదని చూడటం, ఇవన్నీ ఆయనలో ఏదో గట్టిపరుస్తూ వచ్చాయి.

‘ఆ సంగతులు జరిగిన తరువాత దేవుడు అబ్రాహామును పరిశోధించెను’ అని అధ్యాయం మొదలవుతుంది. ఇది పరీక్ష అని మొదటి వాక్యంలోనే మనకు తెలిసిపోయింది. అబ్రాహాముకు తెలియదు. చివర్లో కొడుకుకు బదులు బలి అయ్యే, పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు మనకు ముందే కనబడుతూ ఉంటుంది కాబట్టి ఈ కథ ఎన్నిసార్లు చదివినా మన గుండె పెద్దగా కదలదు. ఆయన ముందున్నవి గాడిద, కట్టెలు, కొడుకు. అంతే.

ఆ ఉదయాన్ని గ్రంథం దగ్గరగా చూపిస్తుంది. తెల్లవారినప్పుడు లేచి గాడిదకు గంత కట్టాడు. కట్టెలు చీల్చాడు. ఎంతోమంది పనివాళ్లున్న మనిషి, వందేళ్లు దాటినవాడు, వాక్యం చదివితే కట్టెలు తనే చీల్చినట్టుంది. రాత్రి నిద్ర పట్టిందో లేదో చెప్పలేదు. శారాతో ఏమన్నాడో చెప్పలేదు. కట్టెలు చీల్చిన సంగతి మాత్రం చెప్పింది. ఒక్కో దెబ్బా ఆ కట్టెలు దేనికో తెలిసి వేసిందే.

తర్వాత మూడు రోజుల నడక. మోరీయా అంటే యెరూషలేములో సొలొమోను మందిరం కట్టించిన పర్వతమని 2 దినవృత్తాంతములు 3:1 చెబుతుంది. బెయేర్షెబా వైపు నుంచి అక్కడికి 70, 80 కిలోమీటర్లు ఉంటుంది. ఆ దారిలో దేవుడు ఒక్క మాట కూడా మాట్లాడినట్టు లేదు. అధ్యాయం మొత్తంలో నన్ను ఎక్కువగా పట్టుకునేది ఈ మౌనమే. కొండ మీద కత్తి ఎత్తిన క్షణం భయంకరమైనదే, కానీ అది ఒక్క క్షణం. ఈ మూడు రోజుల్లో ఏ పూటైనా వెనక్కి తిరగవచ్చు. గాడిదను తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? రాత్రి ఆగిన చోట పక్కనే కొడుకు నిద్రపోతుంటాడు. పొద్దున్నే లేచి మళ్లీ అదే దిక్కుకు అడుగు వేయాలి. లోబడటం అంటే ఒకసారి సరేననడం అని నేను చాలాకాలం అనుకున్నాను. ఈ దారి చూశాక, పొద్దున చెప్పిన ‘సరే’ సాయంత్రానికి పాతబడిపోతుందని అర్థమైంది.

ఆ నడకలోనే ఆయన ఆలోచన ఒక చోటికి చేరి ఉంటుంది. మూడో రోజు పనివాళ్లతో ‘మేము వెళ్లి మ్రొక్కి మరల మీయొద్దకు వచ్చెదము’ అన్నాడు. వెళ్లేదీ ఇద్దరే, వచ్చేదీ ఇద్దరే. మృతులను కూడా దేవుడు లేపగలడని ఆయన ‘ఎంచినవాడై’ అలా నడిచాడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది. అప్పటిదాకా చనిపోయి లేచినవాళ్ల గురించి బైబిల్లో ఒక్క సంఘటనా లేదు. చూసింది కాదు, విన్నది కాదు. ‘ఇస్సాకు వలననే నీ సంతానము’ అన్నవాడూ దేవుడే, ‘ఇస్సాకును అర్పించు’ అన్నవాడూ దేవుడే. రెండు మాటలూ నిజమైతే మధ్యలో దేవుడు చేయాల్సిందేదో మిగిలి ఉందని లెక్క వేసుకున్నాడు. యాకోబు తన పత్రికలో శోధనలు వచ్చినప్పుడు ‘అది మహానందమని యెంచుకొనుడి’ అన్నాడు. తెలుగు బైబిల్లో రెండు చోట్లా ‘ఎంచు’ అన్న మాటే ఉండటం నాకు చాలా ఇష్టం. ఎంచడానికి కళ్లలో నీళ్లు ఆగాల్సిన పనిలేదు.

కొండ ఎక్కుతూ ఇస్సాకు అడిగాడు: నిప్పూ కట్టెలూ ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది? ‘దేవుడే చూచుకొనును’ అన్నాడు తండ్రి. ఇక్కడ కూడా మన భాష హీబ్రూకు చేతికందేంత దగ్గరగా ఉంది. హీబ్రూలో ఉన్నది ‘చూడటం’ అన్న మాట, అబ్రాహాము ఆ చోటికి పెట్టిన ‘యెహోవా యీరే’ అన్న పేరూ దాని నుంచే వచ్చింది. మనం ‘నేను చూసుకుంటాలే’ అన్నప్పుడు కంటితో చూడటమూ, బాధ్యత తీసుకోవడమూ రెండూ అందులో ఉంటాయి. అబ్రాహాము అన్నది సరిగ్గా అదే.

ఇప్పుడు కత్తి ఎత్తిన క్షణం. ‘అబ్రాహామా, అబ్రాహామా’ అని పిలుపు వచ్చింది. ‘చిత్తము ప్రభువా’ అన్నాడు. అధ్యాయం మొదట్లో దేవుడు పిలిచినప్పుడు కూడా ఇదే జవాబు. ఒక్క సంగతి ఆలోచించండి. మొదటి మాట విని, ఇక చెవులు మూసుకుని పట్టుదలతో పని పూర్తి చేసే మనిషే అయితే ఇస్సాకు బతికేవాడు కాదు. అంత కష్టపడి, అంత దూరం వచ్చి, మనసు రాయి చేసుకున్నాక కూడా ఆయన చెవి తెరిచే ఉంది. ‘చిన్నవానిమీద చెయ్యి వేయకుము’ అన్న మాటకూ అంతే తొందరగా లోబడ్డాడు. మొండితనానికీ విధేయతకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. దేవుడు పిల్లల బలి కోరేవాడు కాదని కూడా ఇక్కడే తెలుస్తుంది. యిర్మీయా 7వ అధ్యాయంలో అలాంటి బలి తన మనసుకే తోచలేదని ఆయన చెప్పాడు. ఎవరైనా దేవుడు చెప్పాడంటూ ఇంకొకరికి హాని చేస్తుంటే ఈ అధ్యాయాన్ని అడ్డం పెట్టుకోవడానికి వీల్లేదు. ఇది చెయ్యి ఆపిన దేవుని కథ.

పరీక్ష విశ్వాసాన్ని బలపరుస్తుందని మనం తేలిగ్గా అనేస్తాం. ఎలా బలపరుస్తుంది? యాకోబు 1:3లోనూ, 1 పేతురు 1:7లోనూ ఒకే గ్రీకు మాట ఉంది, ‘దొకిమియోన్’. లోహాన్ని పరీక్షించి నిగ్గు తేల్చడానికి సంబంధించిన మాట అది. బంగారానికి పరీక్షలు రెండు రకాలు. గీటురాయి మీద గీస్తే ఎంత మేలిమో తెలుస్తుంది, కానీ గీటురాయి బంగారాన్ని మార్చదు. మూసలో వేసి పుటం పెడితే లోపలి మలినం పైకి తేలుతుంది, తీసేయడానికి వీలవుతుంది. పేతురు అగ్నిపరీక్ష అన్నప్పుడు ఈ రెండోదే అన్నాడు. నాలో ఏముందో నాకు తెలియడం మొదట జరుగుతుంది. అది ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ముందు పైకి తేలేది మలినమే. కష్టం రాగానే నాలోంచి కోపం, చిరాకు, పక్కవాడి మీద అసూయ వస్తే ‘నా విశ్వాసం చచ్చిపోయింది’ అనుకుని భయపడక్కర్లేదు. మూస వేడెక్కింది.

నా సంగతి ఒకటి చెప్పాలి. నాన్నగారు పోయాక ఇంటి వాటా విషయంలో మా అన్నయ్యకూ నాకూ మాటలు పెరిగాయి. రెండేళ్లు మాట్లాడుకోలేదు. తప్పు ఎక్కువ ఆయనదేనని నా నమ్మకం. ఆ రెండేళ్లూ నేను ఒక్క ఆదివారం ఆరాధన మానలేదు. కానుక ఇచ్చాను, పాటలు పాడాను, సాక్ష్యం కూడా చెప్పాను. ఒక రోజు 1 సమూయేలు 15వ అధ్యాయం చదువుతున్నాను. శత్రువుల పశువులన్నిటినీ చంపమన్న దేవుని మాట సగం విని, మిగతా సగానికి బలి అన్న పేరు పెట్టిన సౌలు రాజు ‘నేను యెహోవా ఆజ్ఞను నెరవేర్చితిని’ అంటాడు. ‘ఆలాగైతే నాకు వినబడుచున్న గొఱ్ఱెల అరుపులును ఎడ్ల రంకెలును ఎక్కడివి?’ అని సమూయేలు ప్రవక్త అడుగుతాడు. నేను పుస్తకం మూసేశాను. నా పాటల వెనక వినబడుతున్న అరుపు ఏమిటో నాకు తెలుసు. బలులకంటె మాట వినుట శ్రేష్ఠమన్న మాట ఆ తర్వాతే వస్తుంది. అది చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మత్తయి 5లో యేసు ప్రభువు ‘మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము’ అన్నాడు. ఎవరిది ఎక్కువ తప్పో తేల్చుకుని వెళ్లమనలేదు. ఫోన్ తీసి అన్నయ్య నంబరు తెరిచి, స్క్రీన్ దానంతటదే ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. మళ్లీ తెరిచాను, మళ్లీ ఆరిపోయింది. చేతులు చెమటలు పట్టాయి. ఉద్యోగం ఇంటర్వ్యూకు కూడా నాకు అంత టెన్షన్ లేదు. నాలుగోసారి నొక్కాను. ‘ఆ… చెప్పు’ అన్నాడు అన్నయ్య. క్షమించమని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘సరే, పనిలో ఉన్నాను’ అని పెట్టేశాడు.

పొట్టేలు కనబడలేదు. నాకు చాలా కోపం వచ్చింది, అన్నయ్య మీద కాదు, దేవుని మీద. చెప్పింది చేశాను కదా అని. ఇంత లోబడితే ఇంత రావాలన్న లెక్క నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. పైకి తేలింది అది.

ఇలాంటప్పుడు నాకు పేతురు దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. అబ్రాహాము కొండ ఎక్కినవాడు, ఆయనను చూస్తే భయభక్తులు కలుగుతాయి. యేసు శిష్యుడైన పేతురు పరీక్షలో తప్పినవాడు. యేసు పట్టుబడిన రాత్రి ప్రధానయాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయనను ఎరుగనన్నాడు. నిప్పుల పక్కనే ఓడిపోయాడు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు. ఆ నిప్పుల దగ్గరే మృతుల్లోంచి లేచిన ప్రభువు ‘నన్ను ప్రేమించుచున్నావా’ అని మూడుసార్లు అడిగాడు. అగ్నిలో నిలిచిన విశ్వాసం బంగారంకంటె అమూల్యమని తర్వాత రాసింది ఈ మనిషే. ఏం రాస్తున్నాడో తెలిసి రాశాడు. పేతురు తప్పిపోకముందే యేసు ఆయనతో, సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించడానికి కోరుకున్నాడు గానీ ‘నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని’ అన్నాడు. జల్లెడలో మన కోసం ముందే ఒక ప్రార్థన ఉంది. ఆ ప్రార్థన చేసినవాడు తనూ గెత్సేమనే తోటలో ‘నా యిష్టము కాదు నీ చిత్తమే’ అంటూ నేల మీద పడి చెమట కార్చినవాడే. కుమారుడై ఉండి కూడా పొందిన శ్రమల వల్ల ‘విధేయతను నేర్చుకొనెను’ అని హెబ్రీ 5:8లో ఉంది. ‘నేర్చుకొనెను’ అన్న మాట చదివినప్పుడల్లా తల వంగిపోతుంది. ఆయనే నేర్చుకున్నాడంటే మనమెంత.

మరొకటి కూడా చెప్పాలి. ఇంట్లో శవం ఉన్నప్పుడో, ఆస్పత్రి వరండాలో ఎవరైనా కూలబడి ఉన్నప్పుడో వెళ్లి ‘దేవుడు మిమ్మల్ని పరీక్షిస్తున్నాడు’ అనకండి. సర్వం పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే పాడు చేశారు, చివర్లో దేవుడు కోపించింది వాళ్ల మీదే. ‘ఆయన నన్ను శోధించిన తరువాత నేను సువర్ణమువలె కనబడుదును’ అన్నది యోబు. బూడిదలో కూర్చున్న మనిషి తన నోటితో అనాల్సిన మాట అది. పక్కన ఉన్నవాళ్లు పక్కన కూర్చుంటే చాలు.

అన్నయ్య విషయానికొస్తే, వాటా సంగతి ఇంకా తేలలేదు. మొదటి ఫోన్ తర్వాత నెల రోజులు ఆగి మళ్లీ చేశాను. తర్వాత ఆదివారం ఆదివారం చేయడం అలవాటు చేసుకున్నాను, ఆరాధనకు వెళ్లే ముందు. కొన్నిసార్లు ఎత్తడు. ఎత్తినప్పుడు రెండు నిమిషాలు, ఆరోగ్యం గురించి, పిల్లల చదువు గురించి. కిందటి వారం నేను చేసేసరికి వదిన ఎత్తి, ‘మీ తమ్ముడు’ అని లోపలికి కేక వేసింది. ఆయన వచ్చేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. చెప్పులు ఈడ్చుకుంటూ నడిచి వస్తున్న చప్పుడు వినబడింది.