శ్రీకాకుళం నుంచి కారు పంపాలంటే: అసలు చిక్కంతా విశాఖ దాకానే

కారు రవాణా కంపెనీకి ఫోన్ చేస్తే "డోర్ టు డోర్ సార్, మీ ఇంటి ముందే ఎక్కించుకుంటాం" అంటారు. ఆరేడు కార్లు పట్టే ట్రైలర్ విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఎలా తిరుగుతుందో వాళ్లే చెప్పాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ట్రైలర్ నిండేన్ని కార్లు ఒకేసారి దొరకడం కష్టం. అందుకని మామూలుగా ఏం చేస్తారంటే, ఒక డ్రైవర్ని పంపి మీ కారును విశాఖ యార్డు దాకా నడిపించుకుపోతారు. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైమాటే, విజయనగరం నుంచి అరవై దాకా. అక్కడ లోడు నిండేవరకూ కారు ఎండలో నిలబడుతుంది. "నాలుగు రోజుల్లో డెలివరీ" అనే లెక్క లోడు కదిలాక మొదలవుతుంది, మీరు తాళం ఇచ్చిన రోజు నుంచి కాదు.

గీతలు, సొట్టలు, కిలోమీటర్ల తేడాలు ఎక్కువగా వచ్చేది ఈ మొదటి ముక్కలోనూ, అటువైపు యార్డు నుంచి ఇంటికి తెచ్చే చివరి ముక్కలోనూ. మధ్యలో వెయ్యి కిలోమీటర్లు కారు కట్టేసి ఉంటుంది, అక్కడ భయం తక్కువ. వీలుంటే మీరే నడుపుకెళ్లి విశాఖ యార్డులో అప్పగించండి. యార్డు ఎలా ఉందో కూడా కళ్లారా చూసినట్టవుతుంది. యార్డు అడ్రసు అడిగితే నసిగే కంపెనీని అక్కడితో వదిలెయ్యండి. వెళ్లడం కుదరకపోతే, ఒక్క కారు పట్టే చిన్న బండి ఇంటికి పంపమని అడగండి. డబ్బు ఎక్కువైనా అది దండగ కాదు.

హైదరాబాద్‌కైతే ఈ తతంగమే వద్దు. యాక్టింగ్ డ్రైవర్ని పెట్టుకుంటే తెల్లారుజామున బయల్దేరి రాత్రికి చేరిపోతుంది. పుణె, అహ్మదాబాద్, ఢిల్లీలాంటి దూరాలకే ట్రైలర్.

కంపెనీని పరీక్షించడానికి మొదటి దారి జీఎస్టీ నంబరు. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: ఆంధ్రకు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29, మహారాష్ట్రకు 27. "మాది విశాఖ కంపెనీయే" అనేవాడి బిల్లు మీద 37తో మొదలయ్యే నంబరు లేకపోతే ఎందుకు లేదో అడగండి. ఆ నంబరు జీఎస్టీ పోర్టల్లో కొడితే అసలు పేరు బయటపడుతుంది. పేరున్న కంపెనీకి ఒక్క అక్షరం అటూఇటూ మార్చి బోర్డు కట్టే బ్రోకర్లు చాలామంది. అందరికంటే తక్కువ రేటు చెప్పి, కారు చేతిలో పడ్డాక "ఇంకా ఇంత కడితేనే వదులుతాం" అనేది సాధారణంగా వీళ్లే. అడ్వాన్సు కొంచెమే ఇవ్వండి, అదీ కంపెనీ పేరున్న ఖాతాకే. మిగతాది కారు చూసుకున్నాక.

ఇక ఎల్‌ఆర్, అదే లారీ రసీదు. దీని మీద చాలామంది సంతకం చూస్తారు గానీ విలువ గడి చూడరు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నాటి దాని నిబంధనల ప్రకారం, మీరు ఎక్కువ విలువ రాయించి దానికి తగ్గ అదనపు రిస్క్ చార్జీకి ఒప్పుకుంటే తప్ప, నష్టం జరిగితే రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గరే ఆగిపోతుంది. కిరాయి 18 వేలనుకోండి, 1 లక్షా 80 వేలు దాటి రాదు. కారు ఖరీదు 7 లక్షలైనా అంతే. పేచీ కోర్టుకు వెళ్లాలంటే, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్‌లో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా అది లెక్కలోకి రాదు.

బిల్లులో "ఇన్సూరెన్స్" అని ఒక మొత్తం కలుపుతారు. పాలసీ కాగితం అడగండి, దాని మీద మీ కారు నంబరు ఉండాలి. చూపించలేకపోతే అది ఇన్సూరెన్సే కాదు, వాళ్లు పెట్టుకున్న చార్జీ. మీ సొంత పాలసీ కాగితం కూడా ఒకసారి తిరగెయ్యండి: మామూలు ప్యాకేజీ పాలసీలో రోడ్డు, రైలు మీద రవాణాలో జరిగే నష్టం కూడా కవరవుతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అది వర్తించదు. దాని మీద క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందన్నది గుర్తుండాలి.

పంపే ముందు కారు కడిగించండి. ఇదేదో శుభ్రత కోసం కాదు. దుమ్ము మీద తీసిన ఫోటోలో గీత కనబడదు, తర్వాత "ఇది ముందే ఉంది" అన్న మాటకు జవాబుండదు. పగటి వెలుతుర్లో నాలుగు వైపులూ, పైకప్పు, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు బంపరు కింది అంచు తియ్యండి. బంపరు కింది అంచు ముఖ్యం, ర్యాంపు ఎక్కేటప్పుడు గీసుకునేది అదే. కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు ఒకే ఫోటోలో రావాలి. ట్యాంకులో పావు వంతు చాలు. స్టెప్నీ, జాకీ ఉన్నాయని రసీదు మీద రాయించండి. సామాన్లు మాత్రం లోపల కుక్కకండి, వాటికి బీమా రాదు.

కట్టడంలో ఒక్క విషయం చూడండి. బెల్టు చక్రం మీదుగా పడాలి. బాడీకో యాక్సిల్‌కో కొక్కెం తగిలిస్తే, గతుకు వచ్చినప్పుడల్లా కారు స్ప్రింగుల మీద ఊగి బెల్టు వదులై, మళ్లీ ఒక్క కుదుపుతో బిగుస్తుంది. ఆ దెబ్బ సస్పెన్షన్ మీద పడుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాలి. కింది అంతస్తులో కారుంటే పైకారు నుంచి ఆయిల్ చుక్కలు పడొచ్చు. బ్రేక్ ఆయిల్ అయితే పెయింటునే తినేస్తుంది. పై అంతస్తులో చెట్టు కొమ్మల బెడద. రెంటిలో పైదే నయం. కారు కవర్ మాత్రం తొడగకండి, గాలికి కొట్టుకుని పెయింటును రాసేస్తుంది.

ఫాస్టాగ్ సంగతి తమాషా. ట్రైలర్ మీదున్న కారు ట్యాగ్‌ను కూడా టోల్ గేటు మిషన్ చదివేస్తుంది. ట్యాగ్ ఉన్నచోట అద్దం బయటి వైపు అల్యూమినియం ఫాయిల్ టేపు అంటించండి, లేదా బ్యాలెన్సు తక్కువగా ఉంచండి.

తేదీ విషయంలో అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలమని మరిచిపోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. విజయనగరంలో సిరిమానోత్సవం రోజు, అంటే దసరా తర్వాతి మంగళవారం, బండి ఊళ్లోకి రప్పించే ఆలోచనే పెట్టుకోకండి.

దింపుకునేటప్పుడు రాత్రి అయితే టార్చ్ వెలుగులో సంతకం పెట్టొద్దు, తెల్లారేదాకా ఆగమనండి. రీడింగు కలిపి చూడండి. దెబ్బ కనబడితే డెలివరీ కాగితం మీదే రాసి, డ్రైవర్ చేత సంతకం పెట్టించి, ఫోటో తీసుకుని, అప్పుడు మీ సంతకం. కారును ఓ కిలోమీటరు నడిపి స్టీరింగు ఒక పక్కకు లాగుతుందేమో చూడండి.

వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి ఫారం 28 మీద ఇక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ కావాలి. కారు మీద అప్పుంటే బ్యాంకు ఉత్తరం కూడా. ఇవి ఊళ్లో ఉండగానే తీసిపెట్టుకుంటే, ఆ పని కోసం మళ్లీ రైలెక్కి రానక్కర్లేదు.