రెండుంపావు చుట్లు

రాత్రి పదకొండు దాటింది. శనగపిండితో మూడుసార్లు చేతులు రుద్దుకున్నా వేళ్ళ సందుల్లో పెట్రోలు వాసన పోలేదు. గేర్లు లేని మా పాత స్కూటరు బండి బాగయింది కనుక ఆ ఒక్క ముక్కా రాసి పడుకోవచ్చు. కానీ నిద్ర పట్టనివ్వనిది బండి కాదు, ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బొరేటరు పక్కన, ఆ పాళ్ళు సర్దడానికి ఉండే మిక్చర్ స్క్రూ. స్క్రూడ్రైవరు పెట్టే గాడి దాని తలమీద సగం అరిగిపోయి ఉండటం ఈ మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. సరిపోని స్క్రూడ్రైవరుతో బలవంతంగా తిప్పితే తప్ప గాడి అలా అరగదు.

ఆషాఢంలో పాప హైదరాబాదు వెళ్ళిపోయాక బండి మెట్ల కింద మూడు నెలలకు పైగా కదలకుండా ఉండిపోయింది. దసరా సెలవుల తరువాత బడికి దాని మీదే వెళ్దామని బయటికి తీస్తే సెల్ఫుకు అందుకోలేదు. కిక్కు కొట్టగా కొట్టగా అందుకున్నా, ఆక్సిలరేటరు వదిలిన మరుక్షణం ఆగిపోయేది. 40 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నంతసేపూ ఏ లోపమూ కనిపించేది కాదు; మలుపు దగ్గర నెమ్మదిస్తే చాలు, గొంతు పట్టేసినట్టు నిలిచిపోయేది. వీధి చివరి మెకానిక్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళాను. మూడుసార్లూ ఆయన వంగి ఏదో తిప్పి, "ఐడిలు పెంచేశానండి, ఇంక ఆగదండి" అని పంపించేశారు. ఐడిలు అంటే ఆక్సిలరేటరు వదిలేసినప్పుడు ఇంజను తిరిగే వేగం.

నిజంగానే ఆగలేదు, ఆ ఆగకపోవడమే ప్రాణం మీదికి తెచ్చింది. గేర్లు లేని బండిలో క్లచ్చు మన చేతిలో ఉండదు. ఇంజను వేగం ఒక హద్దు దాటగానే క్లచ్ షూలు వాటంతట అవే విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, చక్రం తిరుగుతుంది. ఐడిలును ఆ హద్దు దాకా పెంచేస్తే బ్రేకు పట్టుకుని నిలబడ్డా బండి ముందుకు గుంజుతూనే ఉంటుంది. మొన్న గురువారం మా రాజమండ్రి దేవీచౌక్ దగ్గర అందరూ ఆగినప్పుడు, కొంగు సర్దుకోవడానికి ఒక్క క్షణం బ్రేకు వదిలానో లేదో, బండి వెళ్ళి ముందున్న సైకిలు వెనక చక్రానికి తగిలింది. సైకిలు మీద ఉన్న పెద్దాయన పడలేదు, ఒక్క మాటా అనలేదు, వెనక్కి తిరిగి చూశారంతే. ఆయన పడి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచనతో మూడు రోజులుగా ఆ మెకానిక్ మీద నాకు కోపం రగులుతూనే ఉంది. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా నుదుటి మీద తడిగుడ్డ వేసి పంపించడం లాంటిదే ఇది. కార్బొరేటరులో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల ఇత్తడి ముక్కలు, జెట్లు, విప్పి కడగడానికి గంట పడుతుందని, దానికి ఇంత అవుతుందని చెబితే నేను కాదనేదాన్నా? ఆ మాటే చెప్పలేదు. మూడుసార్లూ డబ్బు మాత్రం తీసుకున్నారు.

ఈ రోజు ఆదివారం. "అది ఇచ్చేసి కరెంటు బండి కొనుక్కో" అని ఈయన పేపరు వెనక నుంచి నాలుగోసారి అంటున్నప్పుడు నేను పెరట్లో గోనెపట్టా పరిచాను. ఆక్సిలరేటరు మూసి ఉన్నప్పుడు ఇంజను పైలట్ జెట్టు అనే సన్నటి రంధ్రం గుండా వచ్చే పెట్రోలుతోనే బతుకుతుంది. తెరిచాక పెద్ద జెట్టు అందుకుంటుంది. పరుగులో బాగుండి నిలకడలో ఆగిపోతోందంటే ముందుగా అనుమానించవలసింది ఆ సన్నటి రంధ్రాన్నే. కార్బొరేటరులో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, లోపలి పెట్రోలును గాజుసీసాలోకి దింపాను. పాత వార్నీషు వాసన వచ్చింది, సీసా అడుగున మసకగా వేరే పొర ఒకటి ఏర్పడింది. గిన్నె లోపల జిగురు పేరుకుని ఉంది. పైలట్ జెట్టు విప్పి ఎండకు ఎదురుగా పెట్టి చూస్తే చుక్క వెలుతురు కూడా రాలేదు. దాని మీద 35 అని చెక్కి ఉంది. అది మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క, అంటే రంధ్రం 0.35 మిల్లీమీటర్లు. అంత సన్నటి దారి మూసుకుపోవడానికి మూడు నెలల జిగురు చాలా ఎక్కువ.

ఆ జెట్టును చేతిలో పట్టుకోగానే నాన్నగారు గుర్తుకు వచ్చారు. ముమ్మిడివరం పశువైద్యశాలలో కాంపౌండరుగా ఉన్నప్పుడు ఆయనకు ఒక రాజ్‌దూత్ మోటారుసైకిలు ఉండేది. తొలకరికి ముందు గొంతువాపు టీకాలు వేయడానికి దాని మీదే కాలువగట్ల వెంట ఊరూరూ తిరిగేవారు. టీకాలు మొదలవడానికి ముందు వచ్చే ఆదివారం కార్బొరేటరు విప్పడం మా ఇంట్లో పండగకు ఇల్లు కడగడం లాంటి పని. అరుగు మీద పాత కాగితాలు పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చేవారు. జెట్లలోకి సూది గానీ తీగ గానీ పోనిచ్చేవారు కాదు. "ఇత్తడి మెత్తనమ్మా, సూది పెడితే రంధ్రం సాగుతుంది, ఆ తరువాత ఎన్ని తిప్పినా లెక్క కుదరదు" అనేవారు. అందుకు ఆయన దగ్గర ఒక ఎద్దు తోక వెంట్రుక, అగ్గిపెట్టెలో చుట్టి దాచినది, ఉండేది. దాన్ని జెట్టులో దూర్చి ముందుకూ వెనక్కూ లాగి, పశువులకు వాడి పక్కన పడేసిన పెద్ద సిరంజితో పెట్రోలు చిమ్మేవారు. రెండో వైపు నుంచి దారంలా ధార వస్తే నాకు చూపించి నవ్వేవారు. పెట్రోలు పోసుకోవడానికి ఒకసారి తీసుకున్న ఇత్తడి గిన్నెను అమ్మ మళ్ళీ వంటింటి గడప తొక్కనివ్వలేదు, ఇప్పటికీ అది అమ్మ దగ్గర మొక్కలకు నీళ్ళు పోయడానికే ఉంది. చుట్లు లెక్కపెట్టడం నా పని. ఆయన గాలి స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, వెనక్కి తిప్పుతుంటే నేను ఒకటి, ఒకటిన్నర అని పైకి చెప్పేదాన్ని. ఆ అంకెను టీకాల లెక్కల పుస్తకంలోనే, పశువుల సంఖ్య పక్కన రాసుకునేవారు. "బిగిస్తే పెట్రోలు ఎక్కువ, వదిలితే గాలి ఎక్కువ" అన్నది నాకు ఎక్కాలతో పాటు వచ్చిన పాఠం.

నా దగ్గర ఎద్దు తోక వెంట్రుక లేదు. టూత్‌బ్రష్షు నుంచి ఒక పోచ పీకి దానితోనే జెట్టు శుభ్రం చేశాను, సిరంజి మందుల దుకాణంలో దొరికింది. కార్బొరేటరు పైభాగంలో ఉండే వ్యాక్యూం పిస్టన్ రబ్బరు పొరకు పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది కనుక దాన్ని తడి గుడ్డతో తుడిచి వదిలేశాను. అన్నీ బిగించాక ఇంజను రెండో కిక్కుకే అందుకుంది. పది నిమిషాలు తిప్పి వేడెక్కించి, అంత పైకి ఎక్కి ఉన్న ఐడిలు స్క్రూను దాదాపు మూడు చుట్లు వెనక్కి తీసుకొచ్చి, మిక్చర్ స్క్రూ పట్టుకున్నాను. అది ఒకటింపావు చుట్ల దగ్గర ఉంది. ఇంజను ఊగుతోంది, ఆకలిగా ఉంది. నాన్నగారి పాఠం ప్రకారం పెట్రోలు పెంచడానికి పావు చుట్టు బిగించాను. ఇంకా ఊగింది. ఇంకో పావు బిగించాను, ఆగిపోయింది. జెట్టు సరిగా కడగలేదేమోనని మళ్ళీ అంతా విప్పి, కడిగి, బిగించి, అదే స్క్రూను అదే దిక్కుకు తిప్పుతూ గంటన్నర గడిపాను. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది కూడా. ఆ స్క్రూ ఎదురుగా ఉండదు, పక్క ప్లాస్టిక్ సందులోంచి వాలుగా అందుకోవాలి.

ఆ తరువాత టార్చి వేసి ఆ స్క్రూ ఎక్కడ ఉందో చూశాను. రాజ్‌దూత్‌లో అది గాలి వచ్చే వైపు, ఫిల్టరుకు దగ్గరగా ఉండేది, కనుక అది గాలిని కొలిచేది. ఈ బండిలో, ఆక్సిలరేటరు తిప్పితే తెరుచుకునే థ్రాటిల్ మూత దాటాక, ఇంజను వైపు ఉంది. ఇది గాలితో కలిసిన పెట్రోలును కొలుస్తుంది. బిగిస్తే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. నాన్నగారి మాట ఆయన బండికి సరైనది, దీనికి తలకిందులు. వదులుతూ పోయాను. రెండు చుట్ల దగ్గర ఊగడం ఆగింది, రెండుంపావు దగ్గర శబ్దం అన్నిటికంటే నిండుగా, ఎక్కువ వేగంగా వినిపించింది, ఆపైన బరువెక్కింది. రెండుంపావు దగ్గరే ఉంచి, ఐడిలును వెనక చక్రం కదలనంత వరకు తగ్గించాను.

ఇలాంటి బండ్లకు ఇప్పుడు ఈ స్క్రూను ఇంకొంచెం వదలాల్సి రావడానికి కారణం ఉంది. 2014లో దీన్ని కొన్న నాటికి దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాల్ సగటు రెండు శాతం కూడా కాదు, 2013-14లో 1.53 శాతం. 2022 నాటికి అది 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఒక కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే పాత జెట్టు అంతే పెట్రోలు వదులుతున్నా ఇంజనుకు గాలి ఎక్కువైనట్టే లెక్క. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బొరేటరుకు బదులు ఇంజెక్షను ఉంది కనుక కొంతవరకు అవే సర్దుకుంటాయి. మన బండికి స్క్రూడ్రైవరు పట్టిన చెయ్యే సర్దాలి. పైగా ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, హద్దు మీరితే ఆ నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. సీసాలో మసకగా కనిపించిన పొర అదే అయి ఉండాలి. మూడు నెలలు నిలబెట్టేటప్పుడు గిన్నె ఖాళీ చేయవలసింది నేను, చేయలేదు.

ఇక్కడిదాకా రాసేసరికి మెకానిక్ మీద కోపం మొదట ఉన్నట్టు లేదు. ఆయన అరవై దాటిన మనిషి. రాజ్‌దూత్ లాంటి రెండు స్ట్రోకుల బండ్ల మీదే పని నేర్చుకున్నానని ఒకసారి తానే చెప్పారు. ఒకటింపావు చుట్లకు బిగించింది ఆయనే అయితే, ఈ మధ్యాహ్నం నేను చేసినట్టే పెట్రోలు పెంచుతున్నాననుకునే బిగించి ఉంటారు. నాన్నగారి పాఠమే ఆయన పాఠం కూడా. బడికి వేళయిందని మూడుసార్లూ ఇంజను ఆపకుండానే నిలబడింది నేను. ఆ పావుగంటలో కార్బొరేటరు విప్పమని ఎవరు అడగగలరు? గాడి అరిగింది ఆయన చేతిలోనో, నా స్క్రూడ్రైవరు జారినప్పుడో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను. అయినా ఐడిలును అంత పెంచి బండిని రోడ్డు మీదికి పంపడం మాత్రం నేను ఒప్పుకోలేను. చక్రం తిరుగుతోందని స్టాండు వేసి చూస్తే తెలుస్తుంది, అది చూడటానికి నిమిషం కూడా పట్టదు. సైకిలు పెద్దాయన చూపు ఆ నిమిషం దగ్గరే ఆగిపోయి ఉంది.

సాయంత్రం కోటిలింగాల ఘాట్ దాకా వెళ్ళి వచ్చాను. ప్రతి మలుపులోనూ ఆక్సిలరేటరు పూర్తిగా వదిలి చూశాను, ఒక్కసారీ ఆగలేదు. ఇంటికి వచ్చాక సీటు మూత లోపల మార్కరుతో 2¼ అని, పక్కన తేదీ, "వదిలితే పెట్రోలు" అని రాశాను. రేపు కొత్త స్క్రూ కోసం ఆ మెకానిక్ దుకాణానికే వెళ్ళాలి, సీటు ఎత్తి ఆ అంకె చూపించాలని ఉంది. అంతకంటే ముందు, చల్లటి ఇంజను పొద్దున సెల్ఫుకు అందుకుంటుందో లేదో చూడాలి.