మినెర్వ్‌కి వెళ్ళొచ్చాక డిబ్బీ తీసేశాను

మా వంటగది అల్మారా మీద రెండేళ్ళపాటు ఒక రేకు డిబ్బీ ఉండేది. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడిన వాళ్ళు అందులో ఇరవై సెంట్లు వేయాలి. ఆ నియమం పెట్టింది నేనే. అప్పటికి పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఐదు. జమ్మలమడుగులో ఉన్న మా అమ్మతో ఫోన్‌లో వాళ్ళు "బాగున్నాం అవ్వా, తిన్నాం అవ్వా" దాటి ముందుకు పోయేవాళ్ళు కాదు. ఒకసారి వాళ్ళు లేచి వెళ్ళాక అమ్మ నన్ను మెల్లగా అడిగింది, "పిల్లోళ్ళకు నాతో మాట్లాడబుద్ధి కాదా మే?" అని. ఆ వారమే డిబ్బీ కొన్నాను.

దాన్ని ఎందుకు తీసేశానో చెప్పాలంటే మినెర్వ్ అనే ఊరి గురించి చెప్పాలి.

మేముండేది ఫ్రాన్సు దక్షిణాన తులూజ్‌లో. విమానాల పని మీద వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు. పోయిన ఆగస్టులో ఇండియా ప్రయాణం కుదరలేదు. పిల్లలు ముఖాలు వేలాడేసుకుని తిరుగుతుంటే మా ఆయన ఒక ఆదివారం పొద్దున్నే కారు తీశారు. నార్బొన్ వైపు వెళ్ళే మోటర్‌వే మీద కొంత దూరం, ఆ తర్వాత ద్రాక్షతోటల మధ్య సన్నటి రోడ్డు. రెండు గంటలు కూడా పట్టలేదు. తోటలు అయిపోయి తెల్లటి సున్నపురాయి నేల మొదలైంది. ముళ్ళపొదలు, అక్కడక్కడా పొట్టి చెట్లు, ఎటు చూసినా ఎండ. ఉన్నట్టుండి నేల పగిలి రెండుగా చీలినట్టు లోతైన లోయ, ఆ లోయ మధ్యలో ఒక రాతి నాలుక మీద ఊరు.

"గండికోట!" అన్నాడు పెద్దవాడు.

వాడు గండికోట చూసింది ఒక్కసారే, ఆరేళ్ళప్పుడు, మా అమ్మ చెయ్యి పట్టుకుని. అక్కడ పెన్న కోసిన ఎర్రటి లోయ. ఇక్కడ సెస్, బ్రియాన్ అనే రెండు ఏళ్ళు కోసిన తెల్లటి లోయ. ఆ రెండూ కలిసే చోట, మూడు వైపులా నిట్టనిలువు గోడల్లాంటి కొండచరియల మీద మినెర్వ్ నిలబడి ఉంది. పీఠభూమితో దానికి ఉన్న నేల బంధం ఉత్తరాన ఒక సన్నటి మెడ మాత్రమే. కోట కట్టుకోవడానికి మనుషులు ఎక్కడైనా ఇలాంటి చోటే వెతుక్కుంటారేమో. ఆ కోటలో ఇప్పుడు మిగిలింది కొవ్వొత్తిలా సన్నగా నిలిచిన ఒక గోడ ముక్క. దాన్ని కాండెలా అంటారు. ఊళ్ళో కాపురముండేది నూరుమంది పైచిలుకు. కారు బయటే ఆపి నడవాలి.

ముందు ఏట్లోకి దిగాం. ఆగస్టు కాబట్టి చుక్క నీళ్ళు లేవు. ఇక్కడి సెస్ ఎండాకాలంలో నేల మీద కనిపించదు. గులకరాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్తే ఎదురుగా కొండలో పెద్ద సొరంగం. మనుషులు తవ్వింది కాదు. ఒకప్పుడు సెస్ కొండ చుట్టూ వంపు తిరిగి పారేది. సున్నపురాయిని నీరు కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది కదా, అలా వేల ఏళ్ళ తరబడి తిని తిని కొండకు అడ్డంగా దారి చేసుకుని, పాత వంపును వదిలేసింది. అలాంటి సొరంగాలు రెండు. పెద్దదాని పొడవు 200 మీటర్లకు పైనే. లోపల ఎంత చల్లగా ఉందంటే చిన్నది బయటికి రానంటే రానంది. ఆ రాయిలో బియ్యపు గింజల్లాంటి చిన్న చిన్న గుర్తులు ఉన్నాయి. అవి 5 కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్రజీవుల శిలాజాలు. ఆ ఎండిన నేలంతా ఒకప్పుడు సముద్రపు అడుగు. "అన్నం రాయి" అని పేరు పెట్టింది చిన్నది. తెలుగులోనే పెట్టింది, డిబ్బీ భయం లేకుండా.

ఊరి చరిత్ర చెప్పడం మాత్రం కష్టమైంది.

పదమూడో శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతంలో రోమ్ చర్చి మాట వినని క్రైస్తవులు ఉండేవాళ్ళు. చరిత్ర వాళ్ళను కాథార్‌లంటుంది, జనం "మంచి మనుషులు" అనేవాళ్ళు. వాళ్ళలో దీక్ష తీసుకున్నవాళ్ళు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. చేపలు తినేవాళ్ళు. ఒట్టు పెట్టరు, ప్రాణం తీయరు. చనిపోయిన మనిషి ఆత్మ ఇంకో శరీరంలోకి వెళ్తుందని నమ్మేవాళ్ళు. ఇది విన్నప్పుడు పెద్దవాడి కళ్ళు వెలిగాయి. స్కూల్ క్యాంటీన్‌లో వారానికి ఒకరోజు అందరికీ శాకాహారం పెడతారు. మిగతా రోజుల్లో మాంసం వద్దనే వాడు మా వాడొక్కడే. "అయితే ఇక్కడోళ్ళు కూడా తినేవాళ్ళు కాదా?" అని మూడుసార్లు అడిగాడు. ఆరేళ్ళుగా నేను ఎంత చెప్పినా వాడికి రాని ధైర్యం ఆ ఒక్క మాటతో వచ్చినట్టు అనిపించింది నాకు.

1209లో మూడో ఇన్నొసెంట్ పోప్ పిలుపుతో వాళ్ళ మీదికి ఉత్తరాది సైన్యాలు దిగాయి. 1210 వేసవిలో ఆ సైన్యాల నాయకుడు సీమోన్ ద మోంఫోర్ మినెర్వ్‌ను ముట్టడించాడు. లోయకు అవతలి గట్టున రాళ్ళు విసిరే పెద్ద యంత్రం పెట్టాడు. దాని పేరు మాల్వాజీన్, అంటే పాడు పొరుగింటామె. ఊరికి నీళ్ళిచ్చే బావి కొండ కింద ఉండేది, దానికి పైకప్పు ఉన్న మెట్లదారి. పొరుగింటామె రాళ్ళు ఆ దారి మీదే పడ్డాయి. ఒక రాత్రి ఊరివాళ్ళు కొందరు చప్పుడు చేయకుండా దిగి యంత్రానికి నిప్పు పెట్టారు. సరిగ్గా అప్పుడే అవతలి మనిషి ఒకడు మూత్రానికి లేచి చూసి కేకలు పెట్టాడట. ఆ కాలంలోనే రాసిన చరిత్రలో ఉంది ఈ సంగతి. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాతి కథ ఎలా చెప్పాలో మాకు తెలియలేదు.

నీళ్ళు లేక, దాదాపు ఏడు వారాల తర్వాత ఊరు లొంగిపోయింది. నమ్మకం మార్చుకున్నామని చెబితే ప్రాణాలు దక్కుతాయన్నారు. ముగ్గురు ఆడవాళ్ళు తప్ప దీక్షలో ఉన్నవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. జులై 22న దాదాపు 140 మందిని మంటల్లో కాల్చేశారు. అంతకు సరిగ్గా ఏడాది కిందట, అదే తేదీన, బెజియే అనే ఊళ్ళో జనాన్ని ఊరంతా నరికారు. మా ఆయన "చంపేశారు" అని మాత్రం అని ఆపారు. చిన్నదానికి అది చాలు అనుకున్నాం. పెద్దవాడు అక్కడి బోర్డు చదివేసుకున్నాడు. "ఊరికే మారామని అబద్ధం చెప్పి బతకచ్చు కదా అమ్మా?" అన్నాడు. నేను వాడి పక్కన గోడ మీద కూర్చున్నాను. చెప్పి బతికిన ముగ్గురిని తప్పుపట్టలేను, చెప్పనివాళ్ళను చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది అన్నాను. అంతకంటే తెలిసింది ఏమీ లేదు నాకు.

చర్చిలో 456వ సంవత్సరం నాటి పాలరాతి బలిపీఠం ఉంది. దాని మీద చేయి పెట్టి చూడాలని ఆశపడ్డాను. బయట, చర్చి దగ్గరే, ఒక నిలువు రాయి. అందులో పావురం ఆకారంలో కంత తొలిచారు. పావురం లేదు, దాని ఖాళీ మాత్రమే ఉంది. ఆ ఖాళీలోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. నేను ఇంతవరకు చూసిన స్మారకాల్లో అంత తక్కువ చేసి అంత ఎక్కువ చెప్పింది ఇంకొకటి లేదు. కింద "ఆల్స్ కాటార్స్" అని ఉంది.

"అమ్మా, తప్పు రాశారు. ఫ్రెంచిలో కాథార్‌లకు అనాలంటే 'ఓ కాథార్' అని కదా ఉండాలి?" అన్నాడు పెద్దవాడు.

పక్క సందులో తేనె, ద్రాక్షరసం అమ్మే చిన్న కొట్టు ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. వాడి మాట విని నవ్వింది. "తప్పు కాదు బాబూ, అది మా భాష" అంది. ఒక్సితాన్. తులూజ్ మెట్రోలో ప్రతి స్టేషన్ పేరూ రెండుసార్లు వినిపిస్తుంది, రెండోది ఈ భాషలోనే. వీధి పేర్ల పలకల మీదా ఉంటుంది. రోజూ వింటూ, చూస్తూ ఏనాడూ ఆగి అడగలేదు మేము. ఆ భాషలో అవునంటే "ఓక్". ఆ మాట మీదే ఈ ప్రాంతానికి లాంగ్‌దొక్ అని పేరొచ్చింది, అవును అనడానికి ఓక్ అనే భాష అని. వాడు ఒక నిమిషం ఆలోచించి, "మా అవ్వ 'ఔ' అంటుంది" అని ఫ్రెంచిలో ఆవిడకు చెప్పాడు. ఆవిడ వాడి చేత రెండుసార్లు అనిపించుకుని, తనూ "ఔ" అని చూసింది.

"మీరు ఒక్సితాన్ మాట్లాడతారా?" అని అడిగాను.

"అర్థమవుతుంది. మాట్లాడలేను" అంది.

నా గుండె ఆగినట్టయింది. మా పిల్లలు తెలుగు గురించి అందరికీ చెప్పే మాట అచ్చంగా అదే.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. వాళ్ళమ్మ బడికి వెళ్ళిన రోజుల్లో, ఇంటి భాష మాట్లాడి దొరికిన పిల్లల చేతికి టీచరు ఒక చెక్కముక్క ఇచ్చేవాడట. ఆ పిల్లవాడు ఇంకెవరైనా ఆ భాష మాట్లాడితే పట్టుకుని వాళ్ళకు అంటించాలి. సాయంత్రానికి అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు శిక్ష. దానికి "సిన్యాల్" అని పేరు. ఫ్రాన్సు దక్షిణాన చాలా బడుల్లో జరిగిన సంగతే ఇది. 1794లోనే గ్రెగ్వార్ అనే మతగురువు ఇలాంటి భాషలను రూపుమాపడం ఎందుకు అవసరమో చట్టసభకు నివేదిక ఇచ్చాడు. 1880లలో బడి అందరికీ తప్పనిసరి అయ్యాక ఆ పని ఊరూరా సాగింది. వాళ్ళమ్మ పెద్దయ్యాక మొగుడితో ఒక్సితాన్‌లో, పిల్లలతో ఫ్రెంచిలో మాట్లాడింది. తను పడ్డ సిగ్గు పిల్లలు పడకూడదని. "మా అమ్మానాన్న పోట్లాడుకునేది, నవ్వుకునేది ఆ భాషలో. మాతో మాత్రం ఎప్పుడూ పద్ధతిగా ఫ్రెంచి" అంది ఆవిడ.

పెద్దవాడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. నాకు మాత్రం వంటగది అల్మారా కనిపించింది. ఆ టీచరుది రాజ్యం భాష, నాది అమ్మ భాష, రెండూ ఒకటేనా అని దారంతా నాతో నేనే వాదించుకున్నాను. ఆయన చేతిలో అధికారం ఉంది, నాకున్నది భయం. అయినా మా చిన్నది, వాళ్ళన్న ఫ్రెంచి మాట్లాడితే "అమ్మా, వీడు వేయాలి" అంటూ పరిగెత్తుకొచ్చేది. చెక్కముక్క చేతులు మారినట్టే కదా అది. ఏడేళ్ళ పిల్లకు తెలుగంటే అన్నను పట్టించే ఆట అయిపోయింది.

ఆ రాత్రి డిబ్బీ తెరిచి చిల్లర పిల్లలకు పంచేశాను. ఎవరి బాకీ ఎంతో లెక్క చూడలేదు.

ఇప్పుడేమీ పిల్లలు గలగలా తెలుగు మాట్లాడేస్తున్నారని చెప్పను. ఫ్రెంచి మాటల మధ్య తెలుగు, తెలుగు క్రియలకు ఫ్రెంచి తోకలు, అన్నీ ఉన్నాయి. నేను చేసే మార్పు ఒకటే. మా ఆయనా నేనూ పోట్లాడుకునేది, నవ్వుకునేది, బీరకాయ పచ్చడి గురించి వాదించుకునేది వాళ్ళ ముందే, పూర్తి కడప యాసలో. వాళ్ళను కూర్చోబెట్టి పద్ధతిగా మాట్లాడే తెలుగు మానేశాను.

పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. పెద్దవాడు ఫోన్ లాక్కుని మినెర్వ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ముట్టడికి మాట రాక "ఊరి చుట్టూ నిలబడి నీళ్ళు ఇయ్యలేదు అవ్వా" అన్నాడు. సొరంగానికి మాట రాక "కొండకు బొక్క" అన్నాడు. నేను అందించబోయి ఆగిపోయాను. అమ్మ అంతా విని, "ఆ ఏట్లో ఇప్పుడన్నా నీళ్ళొచ్చినాయా నాయనా?" అని అడిగింది.

"లేదు అవ్వా. వాన పడితేనే వస్తాయి. మన పెన్న మాదిరే" అన్నాడు వాడు.