మీ సెదుల గడువు ఎప్పటి వరకు?

స్పెయిన్‌లోని బార్సిలోనాలోగానీ కాటలోనియా ప్రాంతంలో మరెక్కడైనాగానీ సొంత ఫ్లాటు ఉన్న మనవాళ్లకు ఒక మాట. దస్తావేజులతో పాటు బీరువాలో దాచిన సెదులను, అంటే ఇల్లు నివాసయోగ్యమని ప్రభుత్వం ఇచ్చే పత్రాన్ని, బయటికి తీసి, అది ఎప్పటి వరకు చెల్లుతుందో చూడండి. మన దగ్గర ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఒకసారి చేతికొస్తే మళ్లీ ఎవరూ దాని ఊసెత్తరు. ఇక్కడ నివాసయోగ్యత పత్రానికి గడువుంది. కొత్త ఇంటికి ఇచ్చే మొదటి సెదుల 25 ఏళ్లు, తర్వాత తీసుకునేది 15 ఏళ్లు చెల్లుతుంది. మాడ్రిడ్ ప్రాంతంలో 2018లో ఈ పత్రాన్నే ఎత్తేశారు కాబట్టి అక్కడి స్నేహితుల మాట విని ఊరుకోకండి.

బార్సిలోనా పక్కనే ఉన్న ఓస్పిటాలెట్‌లో మా ఫ్లాటు 1960లలో కట్టినది. అద్దెకుంటున్న నెల్లూరు అబ్బాయి భార్యనూ పాపనూ తీసుకొచ్చుకోవాలనుకున్నాడు. అందుకు ఇల్లు సరిపోతుందన్న నివేదిక కావాలి, ఆ నివేదికకు చెల్లుబాటులో ఉన్న సెదుల కావాలి. ‘అక్కా, ఇందులో ఎంతమంది ఉండొచ్చో కూడా రాస్తారట, ముగ్గురికి సరిపోతుందంటారా?’ అని అడిగాడు. మా సెదుల 2010 నాటిది, అప్పటికి గడువు దగ్గరపడింది. వెంటనే ఆర్కిటెక్టును పిలిచాను.

డబ్బు కట్టి ముద్ర వేయించుకుంటే అయిపోయే పని కాదిది. ఆవిడ లేజరు మీటరు గోడకు గురిపెట్టి ప్రతి గదినీ కొలిచింది. కిటికీలన్నీ తెరిచి చూసింది. వంటింట్లో సింకు కుళాయి తిప్పి, పొయ్యి వెలిగించింది. స్నానాలగదిని ఆనుకున్న పడకగదిలో మంచం జరిపించి, గోడ అడుగున అరచెయ్యి ఆనించి చెమ్మ ఉందేమోనని చాలాసేపు చూసింది. 1984 ఆగస్టుకు ముందు కట్టిన ఇళ్లకు నిబంధనలు కొంచెం తేలిక. 20 చదరపు మీటర్లున్నా చాలు. ఇప్పుడు కొత్తగా కట్టేవాటికైతే 36 ఉండాలి. ఆవిడ ఇచ్చిన ధ్రువపత్రాన్ని దరఖాస్తుతో జతచేసి, కొద్దిపాటి రుసుముతో కాటలోనియా గృహనిర్మాణ సంస్థకు ఆన్‌లైన్లో పంపాం.

దీన్ని వేధింపుగా చూసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది న్యాయంగానే కనిపిస్తుంది. పదిహేనేళ్లలో గోడలు తడుస్తాయి, ఒక గదిని రెండు చేస్తారు, ఉన్న కిటికీని మూసేస్తారు. ఇంట్లో ఉండే మనిషి తరఫున ఎవరో ఒకరు వచ్చి చూడాలి కదా.

అమ్మేటప్పుడు నోటరీ అడుగుతారు. కొనేవారు ఇంటిని కూల్చడానికో పూర్తిగా బాగుచేయడానికో తీసుకుంటున్నప్పుడు మాత్రం మినహాయింపు దొరుకుతుంది. కొత్తగా కరెంటు, నీటి కనెక్షన్లకూ ఇదే కావాలి. నగరపాలికలో చిరునామా నమోదు చేయించుకోవడానికి మాత్రం సెదుల అక్కర్లేదు, అద్దెకున్నవాళ్లు ఆ భయం పెట్టుకోవద్దు.

అలాగే, ఆర్కిటెక్టు ఫీజును అద్దెకున్నవాళ్ల నెత్తిన వేయకండి. ఇల్లు మనది, ఖర్చూ మనదే. కొత్త సెదులలో మా ఫ్లాటులో ముగ్గురు ఉండవచ్చని రాసి వచ్చింది. ఆ అబ్బాయి దరఖాస్తు పెట్టేశాడు.